గుండెకు వైద్యం జరిగింది – మరి మనసుకు?

గుండె జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నవారిలో కుంగుబాటు, ఆందోళన: కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

మీ ఇంటి మనిషి గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరిన రోజు నుండి మీకు కంటిమీద కునుకు లేదు. ఐ.సి.సి.యు. బయట బెంచీ మీద కూర్చుని, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడ్డారు. మందుల చీటీ పట్టుకుని మెట్లు ఎక్కి దిగారు. చివరకు డాక్టరు గారు బయటికి వచ్చి "ప్రాణాపాయం తప్పింది" అని చెప్పారు. ఇక అంతా మంచే జరుగుతుందని మీరు ఊపిరి పీల్చుకున్నారు.

కాని రోగి ముఖంలో ఆ సంతోషం కనబడడం లేదు. ఎందుకు?

ఒక ఉదాహరణ చూద్దాం. యాభై రెండేళ్ల బస్సు డ్రైవరు ఒకరికి గుండెపోటు వచ్చింది. సకాలంలో ఆసుపత్రికి తెచ్చారు, స్టెంటు వేశారు, నాలుగవ రోజున వార్డుకు మార్చారు. ఇ.సి.జి. బాగుంది, బి.పి. బాగుంది. కాని ఆయన గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. భార్య ఇడ్లీ తెస్తే ఒక ముక్క తుంచి పక్కన పెడుతున్నాడు. మనవడు ఫోనులో మాట్లాడితే "ఊ" అని ఊరుకుంటున్నాడు. రాత్రి మూడు గంటలకు మేలుకుని పైకప్పు చూస్తూ ఉంటాడు. మాత్ర ఇస్తే "ఇంకా ఎందుకులే ఇవన్నీ" అంటాడు. బంధువులు "నీరసం, రెండు రోజుల్లో అదే పోతుంది" అంటున్నారు.

అది నీరసమే కావచ్చు. కాని మానసిక కుంగుబాటు, అంటే డిప్రెషన్ కూడా కావచ్చు. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడం, తెలిసిన తరువాత డాక్టరుకు చెప్పడం – ఈ పాఠం ముఖ్యోద్దేశం ఇదే.

గుండెకూ మనసుకూ సంబంధం ఏమిటి?

మన భాషే ఈ సంగతి చెబుతుంది. భయం వేస్తే "గుండె జారిపోయింది" అంటాము. దుఃఖం వస్తే "గుండె చెరువయింది" అంటాము. ధైర్యవంతుణ్ణి "గుండె దిటవు గల మనిషి" అంటాము. ఇది మాటవరసకు చెప్పేది మాత్రమే కాదు, శరీరంలో నిజంగా జరిగేది కూడా.

మనసు ఎడతెగకుండా కుంగిపోయినా, భయంలో ఉన్నా శరీరంలో అడ్రినలిన్, కార్టిసోల్ అనే హార్మోనులు ఎక్కువవుతాయి. వీటివలన గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. రక్తంలోని ప్లేట్‌లెట్లు త్వరగా అంటుకునే స్వభావం పొందుతాయి, అంటే గడ్డలు కట్టే అవకాశం పెరుగుతుంది. గుండె లయను సరిదిద్దుకునే సహజశక్తి తగ్గుతుంది.

ఇది ఒక దారి. రెండవ దారి మన కళ్లముందే ఉంటుంది. కుంగిపోయిన మనిషి మాత్రలు సరిగా వేసుకోడు. నడవమంటే నడవడు. ఉప్పు, నూనె తగ్గించమంటే "తగ్గించి ఎన్నాళ్లు బ్రతకాలి" అంటాడు. మానేసిన బీడీ, చుట్ట, మద్యం మళ్లీ మొదలుపెడతాడు. స్టెంటు వేసినవారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలను తమంతట తాము మానేస్తే స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉంది. కనుక "ఎందుకులే ఈ మాత్ర" అన్న మాటను తేలికగా తీసుకోకూడదు.

ఇది ఎంతమందిలో కనబడుతుంది?

గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి చికిత్స అవసరమైనంత కుంగుబాటు ఉంటుందని అనేక దేశాలలో జరిగిన పరిశోధనలు తెలిపాయి. కొద్దిపాటి లక్షణాలు ఉన్నవారు ఇంకా ఎక్కువమంది. మగవారికంటే ఆడవారిలో ఇది ఎక్కువ.

కెనడా దేశంలోని మాంట్రియల్ నగరంలో 222 మంది గుండెపోటు రోగులను పరిశీలించి, ఫలితాలను 1993లో ప్రచురించారు. ఆసుపత్రిలో ఉండగా తీవ్రమైన కుంగుబాటుకు లోనైనవారికి మొదటి ఆరు నెలలలో మరణించే ప్రమాదం, గుండె దెబ్బతిన్న తీవ్రతను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, మిగతావారికంటే సుమారు నాలుగు రెట్లు ఉన్నట్లు తేలింది. తరువాత జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఈ ప్రమాదం సుమారు రెండు రెట్లని తేలింది. గుండెపోటు తరువాత కోలుకోవడానికి అడ్డుపడే ముప్పు కారణాలలో కుంగుబాటును కూడా చేర్చాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ నిపుణుల బృందం 2014లో సిఫారసు చేసింది.

ఈ లెక్కలు మీరు తెలుసుకోవడానికి మాత్రమే. "నువ్విలా దిగులు పడితే మళ్లీ వస్తుందట" అని రోగిని బెదిరించడానికి కాదు. ఆ మాట వలన దిగులు తగ్గదు, దానికి భయం కూడా తోడవుతుంది.

మామూలు దిగులా? జబ్బా?

చావును దగ్గరగా చూసి వచ్చిన మనిషికి కొన్ని రోజులు కన్నీళ్లు, భయం, చిరాకు ఉండడం సహజం. బైపాస్ ఆపరేషన్ అయినవారిలో కారణం లేకుండా కళ్లు చెమర్చడం మొదటి వారాలలో తరచుగా చూస్తాము. వీరిలో చాలామందికి మధ్యమధ్య మనసు తేలికపడుతుంది. మనవడు వస్తే నవ్వుతారు, ఇష్టమైన కూర వండితే తింటారు, రోజురోజుకూ కొద్దికొద్దిగా తేరుకుంటారు.

కుంగుబాటు జబ్బు అలా కాదు. అది కదలని మబ్బులా కమ్ముకుని ఉంటుంది. ఈ రెండు ప్రశ్నలు వేసి చూడండి:

1. గడచిన రెండు వారాలలో ఎక్కువ రోజులు దిగులుగా, ఏ ఆశా లేనట్లుగా ఉన్నారా?
2. గడచిన రెండు వారాలలో, ఇంతకుముందు ఇష్టంగా చేసే పనులపై ఆసక్తి లేకుండా పోయిందా?

ఈ రెండింటిలో ఒక్కదానికైనా "అవును" అనే జవాబు వస్తే డాక్టరుకు తప్పక చెప్పాలి. వీటితోపాటు ఈ లక్షణాలు కూడా గమనించండి:

– నిద్ర పట్టకపోవడం, తెల్లవారుజామునే మెలకువ రావడం, లేదా పగలంతా నిద్రపోవడం
– ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం
– "నేను మీకు భారమయ్యాను" అని పదేపదే అనడం
– మాట, కదలిక నెమ్మదించడం, లేదా ఒక చోట నిలవలేకపోవడం
– చిన్న విషయాలకే కోపం తెచ్చుకోవడం
– చనిపోతే బాగుండునని అనడం

ఒక విషయం గుర్తుంచుకోవాలి. మన ఇళ్లలో చాలామంది "నాకు దిగులుగా ఉంది" అని నోరు తెరిచి చెప్పరు. "ఒళ్లంతా నొప్పులు", "తల బరువు", "కడుపులో మంట", "ఒంట్లో సత్తువ లేదు" అంటారు. ముఖ్యంగా స్త్రీలు. ఆమె ఇంటికి రాగానే వంటగదిలోకి వెళ్లిపోతే అందరూ "కోలుకుంది" అనుకుంటారు. ఆమె రాత్రిళ్లు ఏడుస్తున్న సంగతి ఎవరికీ తెలియదు.

నీరసానికి రక్తహీనత, థైరాయిడ్ లోపం వంటి వేరే కారణాలు కూడా ఉండవచ్చు. అవి రక్తపరీక్షలో తెలుస్తాయి. వృద్ధులు ఐ.సి.సి.యు.లో ఉండగా హఠాత్తుగా మనుషులను గుర్తించలేకపోయినా, రాత్రిపూట సంబంధం లేకుండా మాట్లాడినా అది కుంగుబాటు కాదు. అది మెదడు తాత్కాలికంగా గందరగోళపడే స్థితి. వెంటనే నర్సుకు చెప్పండి.

ఆందోళన ఎలా ఉంటుంది?

కొందరిలో దిగులుకంటే భయం ఎక్కువగా ఉంటుంది. వార్డులో మానిటరు ఒకసారి కూత పెడితే చాలు, ఒళ్లంతా చెమటలు పడతాయి. ఇంటికి వెళ్లవచ్చని చెబితే సంతోషించవలసింది పోయి "ఇంకో రెండు రోజులు ఇక్కడే ఉంటాను" అంటారు. ఇంటికి వెళ్లిన తరువాత గంటకోసారి నాడి పట్టుకుని చూసుకుంటారు. నిద్రపోతే మళ్లీ లేవనేమోనని మేలుకునే ఉంటారు. ఒంటరిగా స్నానానికి వెళ్లడానికి కూడా జంకుతారు.

కొన్నిసార్లు ఈ భయం ఒక్కసారిగా ముంచుకొస్తుంది. గుండె దడ, ఊపిరాడకపోవడం, చేతులకు తిమ్మిరి, చచ్చిపోతున్నానన్న భావన కలుగుతాయి. ఇది చాలావరకు కొద్ది నిమిషాలలో తారస్థాయికి చేరి తగ్గుతుంది. అయితే గుండెపోటు లక్షణాలు కూడా ఇలాగే ఉంటాయి. కనుక గుండె జబ్బు ఉన్నవారి విషయంలో "ఇది వట్టి భయమే" అని ఇంట్లో మీరు నిర్ణయించకూడదు. ఛాతీలో నొప్పి, బరువు, బిగింపు వచ్చినా, అవి ఎడమచేతికి, దవడకు, వీపుకు పాకినా, చల్లని చెమటలు పట్టినా రోగిని కూర్చోబెట్టండి. డాక్టరు నాలుక క్రింద పెట్టుకునే మాత్ర రాసి ఉంటే ఆయన చెప్పిన విధంగా ఇవ్వండి. ఐదు నిమిషాలలో తగ్గకపోతే 108కి ఫోను చేయండి. అటువంటి మాత్ర లేకపోతే ఆగకుండా వెంటనే ఫోను చేయండి. ఆసుపత్రిలో పరీక్షించి "గుండె బాగానే ఉంది, ఇది ఆందోళన" అని చెబితే నామోషీ పడవద్దు. ఆందోళనకు కూడా వైద్యం ఉంది.

తెలియక మనం చేసే పొరపాట్లు

మొదటిది – "ధైర్యంగా ఉండు, మనసు గట్టి చేసుకో" అనడం. జ్వరం వచ్చినవాణ్ణి "ఒళ్లు చల్లబరచుకో" అంటే చల్లబడుతుందా? ఇదీ అంతే. ఆ మాట విన్న రోగి ఇక తన బాధ మీకు చెప్పడం మానేస్తాడు.

రెండవది – గుసగుసలు. డాక్టరును వరండాలోకి తీసుకుపోయి మాట్లాడతాము. రోగి మంచంమీద నుండి అంతా చూస్తూనే ఉంటాడు. "నా దగ్గర ఏదో దాస్తున్నారు" అనుకుని, ఉన్నదానికంటే పెద్ద జబ్బును ఊహించుకుంటాడు. ఉన్న విషయాన్ని డాక్టరు చేతనే, రోగికి అర్థమయ్యే మాటల్లో చెప్పించడం మంచిది.

మూడవది – పరామర్శలు. "మా తోడల్లుడికీ ఇలాగే స్టెంటు వేశారు, ఆర్నెల్లు తిరగకుండానే పోయాడు" అనే చుట్టాలు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. వారిని గుమ్మం దగ్గరే పలకరించి, కాఫీ ఇచ్చి పంపండి. ఆసుపత్రి బిల్లు, అప్పుల లెక్కలు కూడా మంచం పక్కన మాట్లాడవద్దు.

నాలుగవది – అతి జాగ్రత్త. "లేవకు, నడవకు, బరువు ముట్టకు, నువ్వేం చెయ్యకు." ప్రేమతోనే అంటాము. కాని రోగికి వినబడేది "నువ్వు ఇక దేనికీ పనికిరావు" అని. డాక్టరు అనుమతించిన పనులను చేయనివ్వండి. ఎంత దూరం నడవవచ్చు, మెట్లు ఎప్పుడు ఎక్కవచ్చు, పనిలోకి ఎప్పుడు వెళ్లవచ్చు అని ఇంటికి వెళ్లేముందే అడిగి కాగితంమీద రాయించుకోండి. దాంపత్య జీవితం గురించి అడగడానికి చాలామంది సిగ్గుపడి, లోలోపల భయపడుతుంటారు. రెండు అంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగినవారికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయినా మీ డాక్టరును ఏకాంతంగా అడిగి తెలుసుకోండి.

ఐదవది – జబ్బును శిక్షగా భావించడం. ఇది పాపఫలమనో, కర్మ అనో, భక్తి చాలకపోవడమనో రోగితో అనవద్దు. ఎంతో విశ్వాసం ఉన్నవారికి కూడా కుంగుబాటు రావచ్చు. ప్రార్థన మనసుకు ఊరట ఇస్తుంది, చేయండి. దానితోపాటు మందులు కూడా వాడండి. ఒకటి చేస్తున్నామని రెండవది మానవద్దు.

మీరు చేయగలిగినవి

మొదట కూర్చుని వినండి. భోజనం అయిన తరువాత, వార్డు సద్దుమణిగినప్పుడు, "ఏమండీ, నాలుగు రోజులుగా మీరు సరిగా మాట్లాడటం లేదు. మనసులో ఏముందో చెప్పండి, నేను వింటాను" అనండి. కొడుకైతే "నాన్నా, నీకు దేని గురించి భయంగా ఉంది?" అని అడగవచ్చు. జవాబు వెంటనే రాకపోవచ్చు. మౌనంగా చేయి పట్టుకుని కూర్చోండి. పైన చెప్పిన డ్రైవరును భార్య ఇలా అడిగిందనుకుందాం. "మళ్లీ బస్సు ఎక్కనిస్తారో లేదో. లేకపోతే చిన్నదాని పెళ్లి ఎట్లా?" అన్నది ఆయన మనసులో ఉన్న అసలు భయం అయివుండవచ్చు. దానికి "అన్నీ అవే సర్దుకుంటాయిలే" అనడంకంటే, "రేపు డాక్టరుగారిని మనిద్దరం కలిసి అడుగుదాం" అన్నది మంచి జవాబు.

రెండవది, డాక్టరుకు చెప్పండి. రౌండ్సులో డాక్టరు ఒక్కొక్క మంచం దగ్గర గడిపేది కొద్ది నిమిషాలే. ఆ కొద్దిసేపు రోగి "బాగానే ఉన్నానండీ" అంటాడు. మిగతా సమయమంతా చూసేది మీరే. కనుక మీరు చెప్పకపోతే డాక్టరుకు తెలియదు. ఇలా చెప్పండి: "డాక్టరు గారూ, మావారు పది రోజులుగా సరిగా తినడం లేదు, రాత్రి మూడింటికే లేస్తున్నారు, మాత్రలు వద్దంటున్నారు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇది కుంగుబాటేమో చూస్తారా?" ఎన్ని రోజుల నుండి, ఏమి మారింది – ఈ రెండూ చెబితే చాలు. పూర్తిగా రెండు వారాలు నిండేదాకా ఆగవలసిన పని లేదు.

మూడవది, ఇంటికి వెళ్లిన తరువాత దినచర్య పెట్టండి. ఒకే వేళకు లేవడం, స్నానం, భోజనం, డాక్టరు చెప్పిన మేరకు నడక. మొదట ఐదు నిమిషాలు నడిచినా చాలు, మీరూ పక్కన నడవండి. క్రమపద్ధతిలో చేసే నడక గుండెకే కాదు, కుంగుబాటుకు కూడా మందుగా పనిచేస్తుంది. పప్పులో ఉప్పు చూడడం, పిల్లల లెక్కలు దిద్దడం, పాదులకు నీళ్లు పోయడం వంటి చిన్న బాధ్యతలు అప్పగించండి.

చికిత్స ఉందా?

ఉంది. మాటలద్వారా చేసే చికిత్స, మందులు – ఈ రెండూ ఉన్నాయి. కౌన్సెలింగ్‌లో రోగి తన భయాలను, తప్పుడు ఆలోచనలను గుర్తించి మార్చుకోవడం నేర్చుకుంటాడు. మానసిక వైద్యుని దగ్గరకు పంపితే "నాకు పిచ్చి అంటున్నారా" అని కొందరు బాధపడతారు. "గుండెకు గుండె డాక్టరు, నిద్రకూ దిగులుకూ ఈ డాక్టరు" అని చెప్పి వెంట వెళ్లండి.

గుండె రోగులు కుంగుబాటు మందులు వాడవచ్చా అన్న సందేహానికి సమాధానం దొరికింది. గుండెపోటు, తీవ్రమైన గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరిన 369 మందిపై సెర్ట్రాలిన్ అనే మందును పరీక్షించి 2002లో ప్రచురించిన ఫలితాలు, దాని వలన గుండెకు హాని కనబడలేదని తెలిపాయి. అయితే అన్ని మందులూ ఒకటి కావు. అమిట్రిప్టిలిన్ వంటి పాతరకం మందులు గుండె లయపై ప్రభావం చూపుతాయి కనుక గుండెపోటు వచ్చినవారికి సాధారణంగా ఇవ్వరు. సెర్ట్రాలిన్ వంటివి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిపి వాడినప్పుడు రక్తస్రావం కొంచెం ఎక్కువ కావచ్చు. కనుక మందుల షాపులో అడిగి కొనవద్దు. వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించండి.

ఈ మందులు ఈరోజు వేసుకుంటే రేపటికి పనిచేయవు. తేడా కనబడడానికి రెండు నుండి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఇంకా ఎక్కువ సమయం పట్టవచ్చు. "వారం వాడాము, ఏమీ లేదు" అని మానవద్దు. బాగైన తరువాత కూడా కొన్ని నెలలు వాడాలి. ఇవి అలవాటుగా మారే మందులు కావు. నిద్ర కోసం, భయం కోసం వాడే ఆల్ప్రజోలమ్ వంటి మాత్రలకు మాత్రం శరీరం అలవాటు పడుతుంది. వాటిని డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి.

ఒక సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. అమెరికాలో దాదాపు రెండున్నర వేలమంది గుండె రోగులకు కుంగుబాటు చికిత్సపై జరిపి 2003లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో, చికిత్స పొందినవారి మనసు కుదుటపడింది. కాని మరణాలు గాని, మళ్లీ గుండెపోట్లు గాని తగ్గలేదు. అంటే మనసుకు చేసే వైద్యం గుండె మందులకు బదులు కాదు. రెండూ సాగాలి. అయినా రోగి తిరిగి తినడం, నిద్రపోవడం, నవ్వడం చిన్న విషయం కాదు.

ఆలస్యం చేయకూడని పరిస్థితి

"నేను లేకపోతే మీరు సుఖపడతారు", "బ్రతికి ఏం లాభం" అన్న మాటలు వినబడితే కొట్టిపారేయవద్దు. "చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా?" అని సూటిగా, నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. పైగా చెప్పుకునే అవకాశం దొరుకుతుంది. రోగిని ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో పురుగుల మందు ఉంటే తీసివేయండి. మాత్రల డబ్బా మీ దగ్గర ఉంచుకుని ఏ పూటకు ఆ పూట ఇవ్వండి. అదే రోజు డాక్టరుకు చూపించండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు రాత్రింబగళ్లు ఉచితంగా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరగా, మీ సంగతి

రోగికి సేవచేసేవారు కూడా మనుషులే. వారాల తరబడి నిద్రలేక, అప్పుల ఆలోచనతో, "మళ్లీ వస్తుందేమో" అన్న భయంతో మీరు కూడా కుంగిపోవచ్చు. వేళకు తినండి. రాత్రి కాపలా వంతులు వేసుకోండి. మీ దిగులు కూడా ఎవరో ఒకరితో చెప్పుకోండి. పైన రాసిన రెండు ప్రశ్నలు మీకు కూడా వేసుకోండి.

గుర్తుంచుకోండి:

– గుండె జబ్బు తరువాత వచ్చే కుంగుబాటు బలహీనత కాదు, జబ్బు. దానికి చికిత్స ఉంది.
– రెండు వారాలుగా దిగులు, ఆసక్తి లేకపోవడం ఉంటే డాక్టరుకు చెప్పండి.
– ఛాతీనొప్పిని ఎప్పుడూ "వట్టి భయం" అని మీరే తేల్చవద్దు.
– గుండె మందులు గాని, మనసు మందులు గాని డాక్టరును అడగకుండా మానవద్దు.

రేపు ఉదయం రౌండ్సుకు డాక్టరు వచ్చి "ఎలా ఉన్నారు?" అని అడిగినప్పుడు, రోగి "బాగానే ఉన్నాను" అంటే మీరు మౌనంగా ఉండవద్దు. మీరు చూసింది చెప్పండి.